97 శాతం గ్లూటెన్ పోయినా ఎందుకు చాలదు? ధాన్యపు ప్రొటీన్ల అలర్జీని ప్రాసెసింగ్ ఎంతవరకు తగ్గించగలదు

‘అలర్జీ తగ్గించిన పిండి’, ‘ముందే జీర్ణం చేసిన గోధుమ’, ‘పులియబెట్టాం కాబట్టి గ్లూటెన్ భయం లేదు’. ఇలాంటి మాటలు ఆహార పొట్లాల మీద, ప్రకటనల్లో తరచూ కనిపిస్తున్నాయి. వీటిలో కొన్నిటి వెనక ముప్పై ఏళ్లకు పైబడిన గట్టి పరిశోధన ఉంది. మరికొన్నిటి వెనక ఉన్నది పరీక్ష పొరబడిన వైనం మాత్రమే. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తేడా పట్టించుకోకపోతే దెబ్బ తగిలేది మాత్రం ఒక్క ముద్దకే ఊపిరాడని స్థితికి చేరే మనిషికి.

ఈ చిక్కంతా ‘తగ్గింది’ అన్న ఒక్క మాటలో ఉంది. ఏ ప్రొటీన్ తగ్గింది, ఏ జబ్బున్నవారికి తగ్గింది, తగ్గిందని ఏ పరీక్ష చెప్పింది అన్నవి తేలితేనే ఆ మాటకు అర్థం ఉంటుంది.

ఒకే రొట్టె, వేర్వేరు జబ్బులు

గోధుమ తింటే పడదు అనేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

అసలైన అలర్జీలో శరీరం ఒక ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుని ‘ఐజీఈ’ అనే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. ఇవి మాస్ట్ కణాల మీద కాచుకుని ఉంటాయి. ఆ ప్రొటీన్ మళ్లీ తగిలితే ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ లాంటి రసాయనాలను విడుదల చేస్తాయి. దద్దుర్లు, వాంతులు, గొంతు వాపు రావచ్చు, రక్తపోటు పడిపోవచ్చు. ఈ చివరి దశనే అనాఫిలాక్సిస్ అంటారు. ఇందులో ఒక విచిత్రమైన రకం ఉంది. గోధుమ తిన్నా ఏమీ కాదు, వ్యాయామం చేసినా ఏమీ కాదు, కానీ తిన్న కొన్ని గంటల్లోపు వ్యాయామం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పిరిన్, మద్యం కూడా వ్యాయామంలాగే దీన్ని రేపగలవు.

సీలియాక్ జబ్బు వేరు. ఇది ఐజీఈ పని కాదు, టి-కణాలు అనే తెల్లరక్తకణాల పని. గ్లూటెన్ ముక్కలను చూసి రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొర మీదే దాడి చేస్తుంది. జనాభాలో దాదాపు ఒక శాతం మందికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. అనాఫిలాక్సిస్ రాదు గానీ, పైకి ఏ లక్షణమూ లేకుండానే పేగు పొర అరిగిపోతూ ఉండవచ్చు.

పిండి దుమ్ము పీల్చడం వల్ల బేకరీ పనివారికి వచ్చే ఉబ్బసం ఇంకొకటి. వీరిలో చాలామంది కాల్చిన రొట్టెను ఇబ్బంది లేకుండా తింటారు. ఇవేవీ కాకుండా, పరీక్షల్లో తేలని ‘సీలియాక్ కాని గోధుమ అసహనం’ కూడా ఉంది. అందులో ప్రొటీన్ల పాత్ర ఎంత, ఫ్రక్టాన్ల లాంటి పిండిపదార్థాల పాత్ర ఎంత అన్న దానిమీద నిపుణుల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. అందుకే ఈ వ్యాసం మొదటి మూడింటికే పరిమితం.

గింజలో ఏ ప్రొటీన్ ఎక్కడ దాక్కుంటుంది

ధాన్యపు ప్రొటీన్లను కరిగే తీరునుబట్టి విడదీసే పద్ధతి థామస్ ఆస్బార్న్ పేరుతో నిలిచిపోయింది. గోధుమ ప్రొటీన్ల మీద ఆయన గ్రంథం 1907 నాటిది. నీటిలో కరిగేవి ఆల్బుమిన్లు, ఉప్పు నీటిలో కరిగేవి గ్లోబులిన్లు, సుమారు 70 శాతం ఆల్కహాల్‌లో కరిగేవి ప్రోలమిన్లు, పలుచని ఆమ్లంలోనో క్షారంలోనో మాత్రమే లొంగేవి గ్లూటెలిన్లు. గోధుమలోని ప్రోలమిన్ పేరు గ్లయాడిన్, గ్లూటెలిన్ పేరు గ్లూటెనిన్. ఈ రెండూ నీటిలో కలిసి సాగే జిగురే గ్లూటెన్. గోధుమ ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం ఇదే.

ఈ పాత వర్గీకరణ ఇప్పటికీ పనికొస్తోంది. ఏ ప్రొటీన్‌ను ఏ పద్ధతితో బయటికి లాగవచ్చో అది సూటిగా చెబుతుంది. బియ్యంలో ముఖ్యమైన అలర్జీ కారకాలు 14 నుంచి 16 కిలోడాల్టన్ల (కిలోడాల్టన్ ప్రొటీన్ అణువు బరువుకు కొలత) చిన్న ఆల్బుమిన్లు. అవి నీటికి, పలుచని ఉప్పు ద్రావణానికి లొంగుతాయి. గోధుమలో వ్యాయామంతో రేగే అలర్జీకి ప్రధాన కారకమైన ఒమేగా-5 గ్లయాడిన్ అలా లొంగదు, దానికి ఆల్కహాల్ కావాలి. బేకరీ ఉబ్బసానికి కారణమయ్యే ఎమైలేజ్-ట్రిప్సిన్ నిరోధకాలు మళ్లీ నీటిలో కరిగే చిన్న ప్రొటీన్లే. గోధుమ, మొక్కజొన్న, బార్లీ మూడింటిలోనూ లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్ అనే 9 కిలోడాల్టన్ల గట్టిపిండం ఉంటుంది. ఇక మీదట దీన్ని ఎల్‌టీపీ అందాం.

గింజలో ఇవి ఉండే చోటు కూడా ముఖ్యమే. ఎల్‌టీపీ ఎక్కువగా తవుడు వైపు పొరల్లో ఉంటుంది. గ్లయాడిన్, గ్లూటెనిన్ మాత్రం లోపలి తెల్లటి భాగంలోనే ఉంటాయి. కాబట్టి పాలిష్ పట్టడం, తవుడు తీసేయడం ఎల్‌టీపీని కొంత తగ్గిస్తాయి గానీ గ్లూటెన్‌ను ముట్టుకోవు. ముడిపిండి కన్నా తెల్లపిండి ‘అలర్జీకి మేలు’ అనే మాటలో నిజం ఉన్నది ఆ ఒక్క ప్రొటీన్ విషయంలోనే.

ముడిని గుర్తుపట్టే యాంటీబాడీ, దారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి దారం. ఆ దారం చుట్టుకుని ఒక ముడిలా ఉంటుంది. యాంటీబాడీ ఆ ముడి మొత్తాన్ని కాక ఒక చిన్న భాగాన్ని పట్టుకుంటుంది. ఆ భాగమే ఎపిటోప్. ఇది రెండు రకాలు. ముడిపడినప్పుడు పక్కపక్కకు చేరిన భాగాలతో ఏర్పడేది ఆకృతి ఎపిటోప్. దారంలో వరుసగా ఉన్న కొన్ని అక్షరాలతోనే, అంటే అమైనో ఆమ్లాలతోనే, ఏర్పడేది వరుస ఎపిటోప్.

ముడి విప్పేస్తే మొదటిది మాయమవుతుంది. రెండోది పోవాలంటే దారాన్ని ఆ చోటే కత్తిరించాలి, లేదా ఆ అక్షరాలనే మార్చాలి. వేడి ముడిని విప్పుతుంది, దారాన్ని మాత్రం కోయదు. ఎంజైమ్ కోస్తుంది. ప్రాసెసింగ్ పద్ధతుల బలాబలాలు చాలావరకు ఈ తేడాలోనే తేలిపోతాయి.

మాస్ట్ కణం పేలాలంటే ఒకే ప్రొటీన్ ముక్క కనీసం రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుని వాటిని కలపాలి. అందుకే ముక్కలు మరీ చిన్నవైతే, ఒక్కో ముక్కకు ఒక్కో ఎపిటోపే మిగిలితే, యాంటీబాడీ అతుక్కున్నా ప్రతిచర్య రాదు. ఆవుపాల అలర్జీ ఉన్న పసివారికి ఇచ్చే పాలపొడుల్లో ప్రొటీన్‌ను ఎక్కువగా 3 కిలోడాల్టన్ల లోపు ముక్కలు చేయడానికి కారణం ఇదే. సీలియాక్‌లో ఈ వెసులుబాటు లేదు. టి-కణానికి పదిహేను అక్షరాల లోపు వరుస ఒక్కటి చాలు.

ఎంత తగ్గితే తగ్గినట్టు? ఒక లెక్క

60 గ్రాముల గోధుమ పిండి తీసుకుందాం. అందులో 12 శాతం ప్రొటీన్ ఉందనుకుంటే మొత్తం 7.2 గ్రాములు, అంటే 7,200 మిల్లీగ్రాములు. హెచ్చరిక లేబుళ్ల కోసం ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణుల బృందం గోధుమకు సూచించిన ప్రామాణిక మోతాదు 5 మిల్లీగ్రాముల ప్రొటీన్. గోధుమ అలర్జీ ఉన్నవారిలో నూటికి సుమారు 95 మందికి ఆ మోతాదు వరకు పైకి కనిపించే ప్రతిచర్య ఉండదని దాని భావం.

90 శాతం తీసేస్తే మిగిలేది 720 మిల్లీగ్రాములు. 99 శాతం తీసేస్తే 72. 99.9 శాతం తీసేసినా ఇంకా 7.2. ఐదు మిల్లీగ్రాముల కిందికి రావాలంటే 99.93 శాతానికి పైగా పోవాలి. ‘అలర్జీ కారకాలు 80 శాతం తగ్గాయి’ అనే పరిశోధన ఫలితం శాస్త్రంగా విలువైనదే, తినే మనిషికి మాత్రం అది రక్షణ కాదు. ఈ రెండూ వేర్వేరు అన్న సంగతి వార్తల్లోకి వచ్చేసరికి కొట్టుకుపోతుంది. బాధ కలిగించే విషయం ఇదే.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఎంజైమ్ ప్రొటీన్‌ను తీసేయదు, తరుగుతుంది. తూకంలో ప్రొటీన్ అంతే ఉంటుంది, ముక్కల సైజు మారుతుంది. కాబట్టి ఎంత ప్రొటీన్ మిగిలిందని కాక, పనిచేయగల ఎపిటోప్‌లు ఎన్ని మిగిలాయని అడగాలి. కొలత కష్టమయ్యేదీ ఇక్కడే.

వేడి: అందరూ నమ్మేది, అన్నిటికన్నా తక్కువ నమ్మదగ్గది

బాగా ఉడికిస్తే, బాగా కాలిస్తే అలర్జీ పోతుందన్న నమ్మకం పండ్లు, కూరగాయల్లోని కొన్ని సున్నితమైన ప్రొటీన్ల విషయంలో నిజమే. ధాన్యాల దగ్గర అది చాలాసార్లు బోల్తా పడుతుంది.

ఎల్‌టీపీనే చూడండి. తొంభై చిల్లర అమైనో ఆమ్లాల ఆ చిన్న పిండాన్ని నాలుగు గంధకపు బంధాలు కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. మరిగే నీటి వేడికి అది అంత తేలిగ్గా విడిపోదు. ఒకవేళ విడిపోయినా చల్లారాక మళ్లీ ముడిపడగలదు. మొక్కజొన్న ఎల్‌టీపీ ఉడికించాక కూడా అలర్జీ ఉన్నవారి ఐజీఈని పట్టుకుంటూనే ఉంటుంది. బార్లీ ఎల్‌టీపీ మొలకెత్తించడం, మరిగించడం, పులియబెట్టడం అన్నీ దాటుకుని బీరు నురగ దాకా చేరుతుంది. ఆ దారిలో అది కొంత విప్పారుతుంది, చక్కెరలు దానికి అంటుకుంటాయి, అయినా దానికి స్పందించే అలర్జీ రోగులు ఉన్నారు.

ఒమేగా-5 గ్లయాడిన్ కథ తలకిందులు. అందులో గంధకపు బంధాలు అసలే లేవు. గట్టిగా పట్టి ఉంచిన ముడి లేదు కాబట్టి విప్పడానికీ ఏమీ లేదు. దాని అలర్జీ శక్తి గ్లూటమిన్, ప్రోలిన్ పదేపదే వచ్చే వరుస ఎపిటోప్‌లలో ఉంది. వేడి వాటిని తాకదు.

రొట్టె కాలేటప్పుడు పైపొర 150 డిగ్రీలు దాటినా లోపలి మెత్తటి భాగం వంద డిగ్రీలకు మించదు, తేమ అందుకు కారణం. అక్కడ ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని, పిండిపదార్థంతో కలిసి గట్టిపడతాయి. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పచ్చిపిండిని, కాల్చిన రొట్టెను కృత్రిమ జీర్ణరసాల్లో ఉంచారు. పచ్చిపిండిలో ఐజీఈ పట్టుకునే ప్రొటీన్లు జీర్ణమైపోయాయి. రొట్టెలో మాత్రం మిగిలే ఉన్నాయి. కాల్చడం వల్ల అలర్జీ కారకాలు జీర్ణరసాలను తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయన్నమాట. పాస్తాను ఎక్కువ వేడి మీద ఆరబెట్టినప్పుడు కూడా ప్రొటీన్ జీర్ణమయ్యే తీరు ఇలాగే మందగిస్తుంది.

వేడి ఎందుకూ పనికిరాదని దీని అర్థం కాదు. నీటిలో కరిగే చిన్న ప్రొటీన్లు ఉడికే నీటిలోకి కొంత జారిపోతాయి, ఆ నీరు పారబోస్తే పోతాయి. ఆకృతి ఎపిటోప్‌లకు మాత్రమే స్పందించేవారికి కాల్చిన పదార్థం పడవచ్చు. బేకరీ ఉబ్బసం ఉన్నవారు రొట్టె తినగలగడానికి ఒక కారణం అదే. కానీ ఈ లాభం ఎవరికి దక్కుతుందో ముందే చెప్పలేం, అది వారి యాంటీబాడీలు దేన్ని గుర్తుపడతాయన్న దానిమీద ఉంటుంది.

ఎంజైమ్ కత్తెర: బియ్యంలో గెలుపు, గోధుమలో గిరిగీత

ఈ రంగంలో అందరికన్నా ముందు మార్కెట్ దాకా వెళ్లింది జపాన్. మిచికో వతనబే తదితరులు 1990లో వెలువరించిన పద్ధతిలో పాలిష్ పట్టిన బియ్యాన్ని గింజగానే ఉంచి, స్వల్ప క్షారత్వం ఉన్న ప్రొటీయేజ్ (ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్) ద్రావణంలో, శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా, దాదాపు ఒక రోజు నానబెడతారు. ఆ క్షారత్వంలో అలర్జీ ప్రొటీన్లు కరిగి ఎంజైమ్‌కు చిక్కుతాయి. తర్వాత ఆమ్లంతో తటస్థం చేసి కడుగుతారు. దీంట్లో ఇబ్బంది ఎంజైమ్ గింజ మధ్యలోకి చేరడం. గాలి తీసేసిన పాత్రలో నానబెడితే గింజలోని గాలి బయటికి పోయి ఆ చోట్లోకి ద్రావణం దిగుతుంది. ఇంకో ఇబ్బంది, అంతసేపు నానిన గింజ బీటలు వారుతుంది. ఇలా వచ్చిన బియ్యానికి 1993లో జపాన్ ప్రభుత్వం ప్రత్యేక ఆరోగ్య ప్రయోజన ఆహారంగా గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు పొందిన తొలి ఉత్పత్తుల్లో అదొకటి.

బియ్యంలో ఇది కుదరడానికి కారణం ఉంది. బియ్యం ప్రొటీన్ ఏడు శాతం దగ్గరే ఉంటుంది, వండిన అన్నం రూపాన్ని నిలబెట్టేది ప్రొటీన్ కాదు, పిండిపదార్థం. అలర్జీ కారకాలు పోయినా అన్నం అన్నంలాగే ఉంటుంది. గోధుమ రొట్టెలో అలా కాదు. అలర్జీ కారకమూ, గాలిని పట్టి రొట్టెను పొంగించే జిగురూ ఒకటే. గ్లూటెన్‌ను తరిగేస్తే పిండి పలుచని జావలా మారుతుంది, పొంగదు. దానికి జెల్లీగా మారిన పిండిపదార్థం, జాంథన్ గమ్ లాంటివి కలిపి రూపం తేవాలి. పైగా చేదు. ప్రొటీన్ ముక్కలు చిన్నవయ్యేకొద్దీ నీటిని వికర్షించే అమైనో ఆమ్లాలు బయటపడతాయి, నాలుకకు తగిలే చేదు వాటిదే. చివరల నుంచి ఒక్కో అక్షరాన్నీ కొరికే మరో రకం ఎంజైమ్ కలిపితే చేదు తగ్గుతుంది, ఖర్చూ సమయమూ పెరుగుతాయి.

అసలు గోధుమ ప్రొటీన్ ఎందుకు ఇంత మొండిది? ప్రోలిన్ వల్ల. ఈ అమైనో ఆమ్లం ఉన్నచోట దారం వంకర తిరుగుతుంది. పెప్సిన్, ట్రిప్సిన్ లాంటి మన జీర్ణ ఎంజైములకు అక్కడ పట్టు దొరకదు. 2002లో గుర్తించిన గ్లయాడిన్ ముక్క ఒకటి 33 అమైనో ఆమ్లాల పొడవున్నా కడుపు, క్లోమం, పేగు ఎంజైములన్నిటినీ దాటి చెక్కుచెదరకుండా మిగులుతుంది. సీలియాక్‌ను రేపే వరుసలు ఆ ఒక్క ముక్కలోనే అనేకం ఉన్నాయి. ప్రోలిన్ పక్కనే కోయగల ప్రోలిల్ ఎండోపెప్టిడేజ్ ఎంజైములు ఆస్పర్జిల్లస్ బూజులో, కొన్ని బ్యాక్టీరియాలో ఉన్నాయి. పరిశోధకులు ఆశ పెట్టుకున్నది వీటిమీదే.

ఆ ఆశ ఎక్కడిదాకా వచ్చిందో 2011లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం చూపిస్తుంది. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను, బూజు ప్రొటీయేజ్‌లను కలిపి గోధుమ పిండిని పులియబెట్టి, ఆ పిండితో చేసిన పదార్థాలను సీలియాక్ ఉన్నవారికి 60 రోజుల పాటు ఇచ్చారు. మామూలు పిండితో చేసినవాటిలో గ్లూటెన్ సుమారు 80,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు). ఎక్కువ భాగం విచ్ఛిన్నమైన రెండో రకంలో 2,480. పూర్తిగా విచ్ఛిన్నమైన మూడో రకంలో 8. రెండో రకం అంటే దాదాపు 97 శాతం గ్లూటెన్ పోయినట్టే. అది తిన్న ఇద్దరికీ ఏ బాధా తెలియలేదు, కానీ ఇద్దరి పేగు పొరా బాగా క్షీణించింది. మూడో రకం తిన్న ఐదుగురిలో యాంటీబాడీలు పెరగలేదు, పేగు మారలేదు.

తూకంలో చూస్తే కారణం తెలుస్తుంది. 2,480 పీపీఎం అంటే కిలోకు 2,480 మిల్లీగ్రాములు. అలాంటి పదార్థం రోజుకు 200 గ్రాములు తింటే దాదాపు అర గ్రాము గ్లూటెన్ లోపలికి వెళుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాములే చొప్పున మూడు నెలలు తీసుకున్నా పేగు పొర దెబ్బతింటుందని 2007 నాటి మరో అధ్యయనం చూపింది. 8 పీపీఎం అయితే అదే 200 గ్రాముల్లో 1.6 మిల్లీగ్రాములు.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి చెప్పాలి. ఆ ప్రయోగంలో ఎంపిక చేసిన సూక్ష్మజీవులు, బయటి నుంచి కలిపిన ఎంజైములు, గంటల తరబడి అదుపులో ఉంచిన పులియబెట్టడం ఉన్నాయి. సహజంగా పులిసిన పిండితో చేసే మామూలు సోర్‌డో రొట్టెకు ఇవేవీ ఉండవు. రొట్టె పొంగాలంటే గ్లూటెన్ మిగలాలి. పొంగి నిలబడిన సోర్‌డో రొట్టె తన గ్లూటెన్ చాలావరకు అలాగే ఉందని తానే చాటుతోంది. అరుగుదల తేలికగా ఉందని కొందరు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు, ఫ్రక్టాన్లు తగ్గడం వల్ల అలా అనిపించే వీలుంది. సీలియాక్‌కు, ఐజీఈ అలర్జీకి ఆ రొట్టె సురక్షితం కాదు.

ఎంజైములు మరో ముప్పు కూడా తెస్తాయి. బేకరీ పిండిలో కలిపే బూజు ఆల్ఫా-ఎమైలేజ్ స్వయంగా ఒక ప్రొటీన్, దాని దుమ్ము పీల్చిన పనివారిలో ఉబ్బసం కలిగించే అలర్జీ కారకం.

తరగడం కాదు, తీసేయడం

ప్రొటీన్‌ను విడదీసి పక్కన పెట్టే పద్ధతులకు ఒక సుగుణం ఉంది: మిగిలింది ఎంతో నేరుగా కొలవవచ్చు. గోధుమ నుంచి తీసిన గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్ట్రిన్‌లను ఐరోపా సమాఖ్య అలర్జీ లేబుల్ నిబంధన నుంచి మినహాయించింది. పిండిని కడిగి గ్లూటెన్ వేరుచేయడం, పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడం, వడగట్టి శుద్ధి చేయడం వరుసగా జరిగాక మిగిలే ప్రొటీన్ అత్యల్పం.

బియ్యంలో అధిక పీడనం కూడా ఇలాంటి పనే చేస్తుంది. నీటిలో ఉంచిన గింజలను 100 నుంచి 400 మెగాపాస్కల్స్ ఒత్తిడికి, అంటే వాతావరణ పీడనానికి వెయ్యి నుంచి నాలుగు వేల రెట్లకు, గురిచేస్తే చిన్న అలర్జీ ప్రొటీన్లు గింజలోంచి నీటిలోకి వచ్చేస్తాయి. ఆ నీటిలో ప్రొటీయేజ్ కూడా ఉంటే ఇంకా బాగా పోతాయి. గోధుమ గ్లూటెన్ నీటిలో కరగదు కాబట్టి అక్కడ ఇదే పద్ధతి అంతగా పారదు.

గంధకపు బంధాలను తెంచే దారి ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికి చెందిన బాబ్ బుకానన్ బృందం థయోరెడాక్సిన్ అనే సహజ ప్రొటీన్‌తో గోధుమ ప్రొటీన్ల గంధకపు బంధాలను విడగొట్టి, అలర్జీ ఉన్న కుక్కల చర్మపరీక్షల్లో ప్రతిచర్య తగ్గిందని 1997లో చూపింది. ఒమేగా-5 గ్లయాడిన్‌లో తెంచడానికి ఆ బంధాలే లేవన్నది ఈ దారికి ఉన్న సహజమైన హద్దు. అల్ట్రాసౌండ్, కోల్డ్ ప్లాస్మా, రేడియేషన్ గురించిన వార్తలు చాలావరకు పరీక్షనాళికల ఫలితాలు, వాటిని ప్రస్తుతానికి అంతవరకే తీసుకోవాలి.

ప్రాసెసింగే కొత్త అలర్జీని పుట్టించినప్పుడు

గ్లూటెన్ నీటిలో కరగదు కాబట్టి పరిశ్రమలు దాన్ని ఆమ్లంతో వేడిచేసి కరిగేలా చేస్తాయి. ఈ క్రమంలో గ్లూటమిన్ అనే అక్షరం గ్లూటమిక్ ఆమ్లంగా మారుతుంది. దీన్ని డీఅమిడేషన్ అంటారు. జపాన్‌లో ఇలాంటి ఆమ్ల-హైడ్రోలైజ్డ్ గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖపు సబ్బు వాడినవారిలో, అంతకుముందు గోధుమ హాయిగా తింటున్నవారికే, తిన్నాక కనురెప్పలు వాయడం మొదలై అనాఫిలాక్సిస్ దాకా వెళ్లింది. 2011లో సబ్బును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. నిర్ధారణ అయిన కేసులు రెండు వేలు దాటాయి.

కొద్దిసేపే ఆమ్లంలో వేడిచేయడం వల్ల ప్రొటీన్ చిన్న ముక్కలు కాలేదు, పెద్ద ముక్కలే మిగిలాయి. ఆ ముక్కల్లో మారిన అక్షరాలు శరీరం అంతకుముందు చూడని వరుసలను తయారుచేశాయి. నోటి ద్వారా వచ్చినదాన్ని సహించడం నేర్చుకునే రోగనిరోధక వ్యవస్థ, చర్మం గుండా వచ్చినదాన్ని శత్రువుగా చూసే అవకాశం ఎక్కువ. నురగ పుట్టించే సబ్బు పదార్థం చర్మాన్ని వదులు చేసి దారి ఇచ్చింది. వీరిలో చాలామందికి మామూలు గోధుమ అలర్జీలో కనిపించే ఒమేగా-5 గ్లయాడిన్ యాంటీబాడీ లేనేలేదు.

అదే డీఅమిడేషన్‌ను ఆమ్లపు వేడి లేకుండా, అయాన్ మార్పిడి రెజిన్‌తో సున్నితంగా చేస్తే గోధుమకు ఐజీఈ అతుక్కోవడం తగ్గిందని జపాన్ పరిశోధకులే చూపించారు. ఒకే రసాయన మార్పు ఒకచోట మేలు, మరోచోట కీడు. ఏ అక్షరాలు ఎంతమేర మారాయి, ముక్క ఎంత పెద్దది, ఏ దారిన ఒంట్లోకి వెళ్లింది అన్నవే తేల్చాయి. సీలియాక్‌లోనైతే డీఅమిడేషన్ జబ్బులో భాగమే. పేగులోని ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఎంజైమ్ గ్లయాడిన్‌ను అలా మార్చాకే టి-కణాలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి.

పరీక్ష ‘సున్నా’ అంటే నిజంగా సున్నానా

గ్లూటెన్ కొలతకు విస్తృతంగా వాడేది ఎలైసా పరీక్ష. దాని మామూలు రూపంలో ప్రొటీన్ ముక్కను రెండు యాంటీబాడీలు రెండు వైపుల నుంచి పట్టుకోవాలి. ముక్క చిన్నదై ఒకే చోటు మిగిలితే పరీక్షకు అది కనిపించదు, సీలియాక్ టి-కణానికి మాత్రం కనిపిస్తుంది. అందుకే పులియబెట్టిన, హైడ్రోలైజ్ చేసిన పదార్థాలకు ఒకే యాంటీబాడీతో పనిచేసే పోటీ ఎలైసా వాడతారు. దానికీ అది గుర్తుపట్టే ఆ ఒక్క వరుసే తెలుసు.

ఇంకో లోపం అంతకన్నా మోసపూరితం. పరీక్షకు ముందు గ్లూటెన్‌ను ఆల్కహాల్ ద్రావణంలోకి లాగాలి. ప్రాసెసింగ్ వల్ల గ్లూటెన్ అల్లుకుపోయి కరగడం మానేస్తే అది ద్రావణంలోకి రాదు, రానిదాన్ని పరీక్ష లెక్కపెట్టలేదు. తడిపిన గోధుమ గింజలను మైక్రోవేవ్‌లో వేడిచేస్తే గ్లూటెన్ దాదాపు మాయమైందన్న వార్త సరిగ్గా ఇక్కడే దొరికిపోయింది. 2017లో మరో ఇటలీ బృందం అదే విధంగా శుద్ధి చేసిన గింజల నుంచి ప్రొటీన్‌ను పూర్తిగా బయటికి తీసి చూస్తే సీలియాక్ వరుసలు పోలేదని, రోగుల టి-కణాలు స్పందిస్తూనే ఉన్నాయని తేలింది. పోయింది గ్లూటెన్ కాదు, పరీక్షకు దాన్ని చూసే వీలు.

పాక్షికంగా తగ్గించడానికి విలువ ఉందా?

ఈ ప్రశ్న దగ్గర నిపుణులు చీలిపోతారు. పాక్షికంగా తగ్గించిన ఆహారం ప్రమాదకరం అనేవారి వాదన బలమైనది: దాన్ని సురక్షితమనుకుని తినేవారు ఉంటారు, వ్యాయామం, జ్వరం, మందుల వంటివి సహన హద్దును ఒక్కసారిగా కిందికి దించుతాయి, పూర్తిగా మానేయడమే తేలిక. మరో పక్షం చెప్పేదీ తోసిపుచ్చదగ్గది కాదు. పొరపాటున తగిలినప్పుడు తీవ్రత తగ్గుతుంది, కొద్దికొద్దిగా అలవాటు చేసే వైద్యంలో బలం తగ్గిన ప్రొటీన్ వైద్యుల చేతిలో మంచి పనిముట్టు అవుతుంది, పిండి దుమ్ములో అలర్జీ కారకం సగం తగ్గినా బేకరీ పనివారి ఊపిరితిత్తులకు అది మేలే. నా దృష్టిలో రెండో పక్షం చెప్పే లాభాలు నిజమైనవే, కానీ అవి ఆసుపత్రికి, కర్మాగారానికి చెందినవి. దుకాణం అరలో ‘అలర్జీ తగ్గించిన’ అన్న చీటీకి ఆ వాదనను అరువివ్వడం తప్పు.

ఎంతమంది మీద పరీక్షిస్తే నమ్మవచ్చు? పాల అలర్జీ పసివారి పాలపొడులకు పెట్టిన కొలబద్ద ఇది: అలర్జీ ఉన్నవారిలో కనీసం 90 శాతం మందికి పడుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. 29 మందికి ఇచ్చి ఒక్కరికీ ప్రతిచర్య రాకపోతే ఆ గీత దాటినట్టు, ఎందుకంటే 0.9ని 29 సార్లు గుణిస్తే 0.047 వస్తుంది, అంటే ఐదు శాతం లోపు. ఇదే లెక్కను ఇటలీ ప్రయోగంలోని ఐదుగురికి పెట్టి చూడండి. ఆ పిండి నిజానికి పదిమందిలో ముగ్గురికి హాని చేసేదే అయినా, ఐదుగురికీ ఏమీ కాకపోయే అవకాశం 0.7ని ఐదుసార్లు గుణిస్తే దాదాపు 17 శాతం. ఫలితం ఎంత ఆశాజనకంగా ఉన్నా, ఐదుగురు సరిపోరు.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ లెక్కలో ‘గ్లూటెన్ రహితం’ అంటే 20 పీపీఎం లోపు. ఆ గీత సీలియాక్ కోసం గీసింది. గ్లూటెన్ తీసేసిన గోధుమ పిండిపదార్థం ఆ గీత లోపలే ఉండవచ్చు, అయినా అది గోధుమే, గోధుమ అలర్జీ ఉన్నవారికి ఆ మాట హామీ కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మరో అడుగు ముందుకు వేసింది. పులియబెట్టిన, హైడ్రోలైజ్ చేసిన ఆహారాల్లో గ్లూటెన్‌ను నమ్మకంగా కొలిచే పద్ధతి లేదు కాబట్టి, ఆ ప్రక్రియకు ముందే పదార్థం గ్లూటెన్ రహితంగా ఉందని తయారీదారు రికార్డులతో చూపాలని 2020లో నియమం పెట్టింది. ఆ లెక్కన, ఐదుగురికీ పడిన 8 పీపీఎం గోధుమ పిండికి కూడా అక్కడ ఆ ముద్ర దొరకదు.